బెల్టు లేని లేతు మిషను

దెయ్యాలు, మహిమలు అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఇప్పటికీ అంతే. ఇది చదివి నవ్వేవాళ్ళు నవ్వుకోండి, నా మాట మాత్రం మార్చను.

అరవైల చివర్లో శ్రీకాకుళం వైపు ఒక ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చదివేవాణ్ణి. మాది రాజాం దగ్గర వ్యవసాయ కుటుంబం. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనొక్కణ్ణే.

ఆ ఏడు మా మెకానికల్ బ్రాంచిని ఎత్తేసి వేరే జిల్లాకి ఇచ్చేస్తారని అనుకున్నారు. మా వర్క్‌షాపులో యంత్రాలు పనిచేయవట. పాతవే, కాదనను. కానీ రోజూ వాటి మీదే పని నేర్చుకుంటున్నాం. బ్రాంచి పోతే నేను మళ్ళీ నాగలి పట్టాల్సిందే.

దసరా సెలవుల ముందురోజు వర్క్‌షాపులో ఆయుధపూజ. ఇనుము చెక్కే లేతు మిషనుని మోటారుతో తిప్పే తోలు బెల్టు విప్పి, ఆముదం రాసి, అమ్మవారి పటం ముందు పెట్టడం మా ఆనవాయితీ. హారతి అయ్యేదాకా మళ్ళీ తగిలించం. ఆ ఏడు బెల్టు విప్పి ఆముదం రాసి భుజాన వేసుకున్నది నేనే. సరిగ్గా అప్పుడే హైదరాబాదు నుంచి తనిఖీ అధికారి చెప్పాపెట్టకుండా దిగాడు. వెనకే మా ప్రిన్సిపాలు, చేతులు నలుపుకుంటూ.

లేతు తిప్పి చూపించమన్నాడు అధికారి. పూజయ్యాక చూపిస్తామన్నాం. ఆయన నవ్వి, చచ్చిన మిషనుకి పూజలెందుకు, ఈ బ్రాంచే ఇక్కడ దండగ అన్నాడు.

నా పక్కనున్న మా క్లాసు అప్పలనాయుడు ఊరుకోలేదు. "సచ్చిపోనాదని మీకెవులు సెప్పినారండీ? మీరు రాసీసినంత మాత్రాన సచ్చిపోద్దేటి?"

లేతు తిరగడం మొదలుపెట్టింది.

మోటారు ఆపే ఉంది. పనిముక్కని బిగించే ఇనప చక్ మీద అధికారి చెయ్యి ఆనించి ఉన్నాడు, ఠక్కున లాక్కున్నాడు. అది వేగం అందుకుని, కాసేపు తిరిగి, మెల్లగా ఆగింది. ఆయన జేబులోంచి కలం తీశాడు. యంత్రం పనిచేస్తోందని రాసి వెళ్ళిపోయాడు. బ్రాంచి మిగిలింది.

తర్వాత ప్రిన్సిపాలు మమ్మల్ని పిలిచి, ఎవరడిగినా బెల్టు తగిలించే ఉందని చెప్పమన్నారు. పైవాళ్ళకి తెలిస్తే కాలేజీ పరువు పోతుందట. అందరూ తలూపారు. నాకు కోపం వచ్చింది.

"నా బుజం మీదున్న బెల్టు మిషను మీదుందని ఎలగ సెప్పీదండీ?" అన్నాను.

టీసీ ఇచ్చి పంపించేస్తానన్నారు. ఇచ్చీయండన్నాను. ఇవ్వలేదు.

ఆ డిప్లొమాతోనే బతికాను, యంత్రాల మధ్యే ముసలివాణ్ణయ్యాను. గాలికి తిరిగిందంటారు కొందరు. ఇనప చక్‌ని తిప్పే గాలి మా జిల్లాలో నేనెప్పుడూ చూడలేదు. మరి ఎలా తిరిగిందంటే నాకు తెలియదు. ఎంత ఆలోచించినా ఇప్పటికీ తేలలేదు.

ఆ రోజు చొక్కా భుజానికి అంటిన ఆముదం మరక మా అమ్మ ఎంత ఉతికినా వదల్లేదు. చిరిగేదాకా ఆ చొక్కానే వేసుకుని ప్రిన్సిపాలు గది ముందునుంచి క్లాసుకి వెళ్ళాను.