సీతాఫలాల గంపలో పుస్తకం

కాప్రాలో మాకు రెండెకరాల రాళ్ళ నేల ఉండేది. అందులో మేము నాటింది తక్కువ. సీతాఫలం చెట్లే బండల సందుల్లోంచి వాటంతటవి మొలిచి, వానలు వెనకబట్టే రోజులు వచ్చాయంటే ఇంటిల్లిపాదినీ పనిలో పెట్టేవి. మూడు గదుల పెంకుటిల్లు, రెండు బర్రెలు, ఒక ఎడ్లబండి, చూరు మీదికి పాకిన బీరపాదు. ఇంట్లో తాత, నానమ్మ, రైల్వే కార్ఖానాలో పనిచేసే బాపు, అమ్మ, చిన్న వయసులోనే భర్త పోయి పుట్టింటికి వచ్చేసిన మా మేనత్త, నేను. నాకప్పుడు పన్నెండేళ్ళు.

కాయలు కోయడం తాత పని. కళ్ళు విచ్చుకుని తెల్లబడ్డ కాయను దోటితో తెంపితే, కింద అత్త చీరకొంగు పట్టి అందుకునేది. వాటిని ఏరి మాగవేయడం మాత్రం నానమ్మ తప్ప ఇంకెవరూ చేయకూడదు. ఆమె ఒక్కో కాయనూ అరచేతిలో పెట్టుకుని బరువు చూసి, రేపు పండేదా, ఎల్లుండిదా, ఆపై రోజుదా తేల్చి, గడ్డి పరిచిన మూడు గంపల్లో వేరువేరుగా పేర్చేది. పైన గోనె కప్పి తాడు కట్టేది. రేపటి గంపకు ఒక ముడి, ఎల్లుండి గంపకు రెండు, ఆ తర్వాతి దానికి మూడు. మూడు ముళ్ళ గంపను మూడు రాత్రులు గడవకుండా విప్పితే గాలి సోకి కాయలన్నీ గిడసబారిపోతాయని ఆమె నమ్మకం. ఆ నమ్మకాన్ని పరీక్షించే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు. పెద్దయ్యాక గ్రంథాలయంలో తోటల పెంపకం మీద ఎన్ని పుస్తకాలు దొరికితే అన్నీ తిరగేశాను. గాలి సంగతి ఎక్కడా లేదు. సీతాఫలం సముద్రాల అవతలి నుంచి, అమెరికా వైపు నుంచి వచ్చిందని మాత్రం ఉంది. ఆ ముక్క నానమ్మతో అంటే, "సీతమ్మకు గా అమెరికోళ్ళు తెచ్చిచ్చిండ్రా? మంచిగ సదువుతున్నవ్ పో" అంది.

నేను బడికి పోలేదు. కిరసనాయిలు డబ్బాల మీది అక్షరాలు, పంచాంగం, చింతపండు కట్టి ఇచ్చిన పత్రికల ముక్కలు, ఇవే నా బడి. నేను కూడబలుక్కుని చదువుతుంటే చూసి ముచ్చటపడ్డ తాత, ఒకనాడు సికింద్రాబాదులోని ఒక తెలుగు గ్రంథాలయానికి తీసుకుపోయి తన పేరు మీద సభ్యత్వం కట్టాడు. ఆయనకు సంతకం రాదు. చందాదారు కార్డు మీద వేలిముద్ర వేశాడు. "పుస్తకం పోతే కార్డు రద్దు. మళ్ళీ ఇవ్వం" అన్నాడు కళ్ళజోడు పెట్టుకున్న గ్రంథపాలకుడు. తాత నావైపు చూశాడు. నేను తలూపాను. ఊరంతటిలో నాకు పుస్తకాలు దొరికే చోటు అదొక్కటే.

ఆ వానాకాలం చివర్లో నా చేతిలో ఉన్నది ఒక ఓడ కథ. పుస్తకం నడుమకు వచ్చేసరికి తుఫాను మొదలై ఓడ తెరచాప స్తంభం విరిగింది. సరిగ్గా అక్కడ ఆపి నేను బర్రెలకు మేత వేయడానికి లేచాను. అప్పటికి నాలుగు రోజులుగా హైదరాబాదు సంస్థానం మీదికి మిలిటరీ వస్తోందని, పోలీసు చర్య అని, ఎక్కడ చూసినా అవే మాటలు. తెలుగు పుస్తకాలున్న ఇళ్ళను సంస్థానం పోలీసులు సోదా చేస్తున్నారని చెరువు గట్టు మీద ఎవరో నానమ్మతో అన్నారు. నేను తిరిగి వచ్చేసరికి పుస్తకం లేదు.

"నానమ్మా, నా పుస్తకమేదీ?"

"దాచిన. అన్నం తిను."

"ఏడ దాచినవ్?"

"ఎవ్వలు సెయ్యి పెట్టని కాడ."

ఎన్నిసార్లు అడిగినా అన్నం తినమనే అంది. ఓడ తుఫానులో, నేను కాప్రాలో చిక్కుకుపోయాం.

మర్నాటికే సంస్థానం లొంగిపోయిందన్న కబురు వచ్చింది. ఆ మరుసటి పొద్దున బజారు తెరిచారని తెలియగానే అత్త బండి కట్టించి, ఒక ముడి గంప ముందురోజే ఇంట్లో ఖర్చయిపోగా మిగిలిన రెండు గంపలూ ఎక్కించుకుని రెజిమెంటల్ బజార్‌కు పోయింది. మధ్యాహ్నం ఆమె ఖాళీ బండితో వచ్చేసరికి నానమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"మూడు ముళ్ళది సుత తీస్కపోయినవా?"

"తీస్కపోక? బజారు ఎన్ని దినాలుంటదో ఎవరికెర్క. సాయిబుకు చెప్పిన, రేపటిదాంక విప్పనన్నడు."

"దాంట్ల పిల్ల పుస్తకమున్నదే!"

అత్త నోరు తెరిచింది. "పండ్ల గంపల పుస్తకం పెడ్తదా ఎవరన్నా! నాకు చెప్పొద్దా?"

"నీకు చెప్తే చెరువు కాడికి చెప్పినట్టే గదనే."

నేను ఏడుపు అందుకున్నాను. నానమ్మ చెప్పులు తొడుక్కుని నా చెయ్యి పట్టుకుంది. ఎద్దులు అలసిపోయాయి గనక నడిచే బయలుదేరాం. దారి పొడవునా మిలిటరీ లారీలు, వాటి వెంట ఉరికే జనం, కొత్త జెండాలు. చూడవలసింది చాలా ఉంది గాని నాకు గంప ఒక్కటే కళ్ళలో ఆడుతోంది.

పండ్ల సాయిబు తన తండ్రి కాలం నుంచీ మా కాయలు కొనే మనిషి. నానమ్మను అక్కా అంటాడు, నేను మామా అంటాను. ఆ రోజు ఆయన అంగడి తలుపు చెక్కలు సగమే తీసి ఉన్నాయి. లోపల చీకట్లో కూర్చుని ఉన్నాడు.

"ఏంది తమ్మీ, పగటీలి గిట్ల చీకట్ల కూసున్నవ్?"

"జర పరేషాన్‌గున్నదక్కా. ఎవరు ఎట్లొస్తరో తెల్వకుంటున్నది."

నానమ్మ పీట ఒకటి లాక్కుని గడపకు అడ్డంగా కూర్చుంది. "నేనీడ కూసున్న. తలుపు తియ్యి. నన్ను దాటి ఎవరొస్తరో సూస్త." ఆయన నవ్వి రెండు చెక్కలు తీశాడు. వెలుతురులో మూలన మా గంప కనిపించింది. మూడు ముళ్ళూ అలాగే ఉన్నాయి. నానమ్మ పుస్తకం సంగతి చెప్పింది.

"నువ్వేసిన ముడి నేనిప్పుతనా అక్కా? మా అబ్బా సుత ఇప్పలే. కాకపోతే దీన్ని పద్మారావు నగర్ ఆమెకిస్తనని మాటిచ్చిన. పొద్దుగూకక ముందే గంపకు గంప తీస్కపోతది."

అంటే ఇప్పుడు విప్పాలి, లేదా పుస్తకం పద్మారావు నగర్ పోవాలి. నానమ్మ గంపవంక చూసింది, నావంక చూసింది. ఇంకొక రాత్రి మిగిలే ఉంది. తన జన్మలో వేళ కాకముందు ఆమె గంప విప్పింది లేదు.

"రేపు పోయి గా ఆమెను అడిగితే?" అంది మెల్లగా.

"నానమ్మా, ఆమె ఇల్లు ఏడనో మనకెర్కనా?"

చివరికి నానమ్మ ముఖం బజారు వైపు తిప్పుకుని, "విప్పుకో" అంది. "నేను సూడ."

నేను విప్పాను. గడ్డి కింద పుస్తకం ఉంది. దాని కిందే ఒక సీతాఫలం పూర్తిగా పండి, పగిలి, పుటల్లోకి కారిపోయి ఉంది. చీమలు పట్టాయి. మూడో రోజు కాయ అని నానమ్మ తేల్చినది రెండో రోజే పండింది! సాయిబు ఆ పండునూ ఆమెనూ మార్చి మార్చి చూశాడు.

"అక్కా, నీ లెక్క తప్పిందే!"

"నా లెక్కెందుకు తప్పుతది? గా పుస్తకం వేడి చేసింది. సదువుల వేడి ఉంటది" అంది నానమ్మ ఏమాత్రం తొణక్కుండా. గంపకు మళ్ళీ గోనె కప్పి, "గా ఆమెకు చెప్పు, నడుమ గాలి సోకిందని. చెప్పకుంట ఇయ్యకు" అని ఆయన్ని ఒప్పించింది. ఆ పద్మారావు నగర్ ఆమె వచ్చి పోయేదాకా గడపలోంచి లేవలేదు కూడా.

ఇంటికి వచ్చి పుస్తకాన్ని ఎండబెట్టి చూస్తే నాలుగు పుటలు ఒకదానికొకటి అంటుకుని, విడదీయబోతే పిండిలా రాలిపోయాయి. ముందు పుటలో స్తంభం విరిగింది. తర్వాతి పుటలో అందరూ ఒడ్డున కూర్చుని బట్టలు ఆరేసుకుంటున్నారు. నడుమ సంగతి చీమలకే తెలియాలి.

పది రోజులకు గ్రంథాలయం తెరిచారు. గ్రంథపాలకుడు పుస్తకాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. తాత ముందుకు వంగి, "తప్పయింది సారూ. కావాలంటే ఇంకో వేలు సుత ఒత్త" అన్నాడు.

"వేళ్ళు ఎన్నయినా ఉంటాయి, ఈ పుస్తకం ఒక్కటే ఉంది" అన్నాడాయన. కార్డు చేతిలోకి తీసుకుని నన్ను అడిగాడు. "ఈ పుటలు చదివావా?"

చదవలేదంటే కార్డు చించేస్తాడనిపించింది. "చదివిన" అన్నాను.

"అయితే గుర్తున్నంత రాసి తీసుకురా. అతికిస్తాను. ఆదివారం దాకా గడువు."

దారిలో తాతకు నిజం చెప్పాను. ఆయన కోప్పడలేదు. "నలుగురం ఉన్నం గద బిడ్డా" అన్నాడు. బాపు కార్ఖానా నుంచి ఒక పక్క ఖాళీగా ఉన్న కాగితాలు తెచ్చాడు. సాయంత్రాలు వాకిట్లో అందరినీ కూర్చోబెట్టి, పుస్తకంలో మిగిలిన కథ చెప్పాను. మాలో ఎవరూ సముద్రాన్ని చూసినవాళ్ళు కారు. చూసింది కాప్రా చెరువు ఒక్కటే.

"దొంగ కప్తాన్‌ను నీళ్ళల తోసెయ్యి" అంది అత్త.

"తర్వాతి పుటల బతికే ఉన్నడత్తా."

"గట్లనా? అయితే తోసి, మళ్ళ తియ్యి."

"గంతమంది ఉన్నరు, ఏం తిన్నరో రాసినవా?" అని అమ్మ.

ఓడకు పడ్డ చిల్లిని తాత గోనెసంచీతో మూయించాడు. ఒడ్డు దగ్గర జమ్ముగడ్డి పట్టుకుని ఒకరి వెనక ఒకరు గట్టెక్కాలన్నది బాపు ఆలోచన. అన్నీ విని నానమ్మ, "ఇంట్ల ముసలిది లేకుంట ఇంతమంది పడవెక్కుతరా? ఎవ్వరు తోలిండ్రు వీళ్ళను?" అంది. ఆమె కోసం ఓడలో ఒక ముసలమ్మను ఎక్కించక తప్పలేదు. ఎక్కిన క్షణం నుంచి అందరినీ ఆమే గదమాయించింది. నాకు రాయడం అంత తేలికని అప్పటిదాకా తెలియదు.

ఆదివారం నా కాగితాలను గ్రంథపాలకుడు నిలబడి మొదలుపెట్టి, రెండో కాగితానికి కూర్చున్నాడు. తప్పులు లెక్కలేనన్ని ఉండి ఉంటాయి. తాత గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"సముద్రంలో జమ్ము ఉంటుందా అమ్మా?"

నేను తాత వైపు చూశాను.

"ఈ పుస్తకం నేను మూడుసార్లు చదివాను. ఓడలో ముసలమ్మ లేదు."

"చదవలే సారూ" అన్నాను. "అబద్ధం చెప్పిన. కార్డు తీస్తరని."

ఆయన కాగితాలు మరోసారి తిరగేశాడు. తర్వాత ఇంకో తెల్లకాగితం నావైపు జరిపాడు.

"తర్వాతి పుటలో ఒడ్డున కూర్చున్నవాళ్ళలో ఈమె కనిపించదు కదా. మరి ఏమైపోయింది? చదివేవాళ్ళు అడగరూ?"

ఆ బల్ల దగ్గరే కూర్చున్నాను. ముసలమ్మను ముంచడానికి చేతులు రాలేదు. వదిలేస్తే కథ కలవదు. గంటసేపు పెన్సిలు కొరికి, ఒడ్డు ఇంకా తగలకముందే ఆమె ఓడ దిగి, బర్రెలు పిండే వేళయిందని అందరినీ తిట్టుకుంటూ మోకాలి లోతు నీళ్ళలో నడుచుకుంటూ ఇంటికి పోయిందని రాసి ఇచ్చాను.

ఆయన చదివి, ఒక్క అక్షరం కూడా దిద్దకుండా, బంకసీసా మూత తీశాడు.