పిళ్ళప్ప కాయ లేచిన ల్యాప్‌టాప్

పిళ్ళప్ప గురించి ఎవరైనా అడిగితే మొదట తిట్టే నా నోటికి వచ్చేది. కారణం నా పొలంలోనే ఉంది. ఆయన చూపించిన చోట బోరు వేయిస్తే వేయి అడుగుల దాకా తెల్లటి దుమ్ము తప్ప చుక్క నీరు పడలేదు. తమిళనాడు బోరుబండివాళ్ళు గొట్టాలు పీక్కుని తమ దారిన తాము పోయారు. నేను మీసాలకంటిన దుమ్ము దులుపుకుంటూ మిగిలాను. అది జరిగి ఏడాదైనా ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు. అయితే కెంచార్లహళ్ళిలో మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య ఉన్నది ఒక్క గోడ. గోడకవతలి మనిషి మీద ఎన్నాళ్ళని కోపం పెట్టుకుంటాం?

నేలలో నీళ్ళు ఎక్కడున్నాయో చెప్పడం పిళ్ళప్ప పని. మా వైపు దాన్ని పాయింటు చూడడం అంటారు. పీచు తీసిన టెంకాయను అరచేతిలో అడ్డంగా పడుకోబెట్టుకుని, చెప్పులు విడిచి, పొలమంతా మెల్లగా నడుస్తాడు. నీళ్ళున్న చోటికి రాగానే కాయ తనంతట తానే లేచి నిలబడుతుంది. అక్కడ మడమతో గుర్తు పెడతాడు. ఈ విద్య ఆయనకు మేనమామ నేర్పాడు. నేర్పుతూ ఒక షరతు పెట్టాడట: నీళ్ళు పడేదాకా తాంబూలం తప్ప ఇంకేమీ ముట్టుకోకూడదు, పడ్డాక కూడా ఇంత అని నోరు తెరిచి అడగకూడదు. పిళ్ళప్ప ఆ మాట ఎన్నడూ తప్పలేదు. ఈ ఒక్క విషయంలో ఆయనను తిట్టడానికి నాకు సందు దొరకలేదు.

మూడు వందల అడుగులకే నీళ్ళు పడే రోజుల్లో ఆయన దర్జా చూడాలి. బాగేపల్లి నుంచి జీపులు వచ్చి ఇంటి ముందు ఆగేవి. పంపు చిమ్మిన మొదటి నీళ్ళతో ఆయన కాళ్ళు కడిగి భుజం మీద కొత్త పంచె కప్పేవారు. తరవాత తరవాత నీళ్ళు కిందికి, ఇంకా కిందికి దిగిపోయాయి. కాయ మాత్రం లేస్తూనే ఉంది. "నీళ్ళుండాది అప్పా. ఎంత లోతులో ఉండాదో కాయ చెప్పదు" అనేవాడు. దుమ్ము తిన్నవాడికి ఆ మాట వింటే ఒళ్ళు మండదా? ఒకరొకరుగా పిలవడం మానేశారు. రెండువేల ఎనిమిది నాటికి ఇల్లు నడిచేది ఆయన భార్య కెంపమ్మ డెయిరీకి పోసే పాలతోనే.

వాళ్ళకు ఒక్కతే కూతురు, సహన. చిక్కబళ్ళాపురంలో ఎం.సి.ఎ. చివరి సెమిస్టరు. బెంగళూరు కంపెనీ ఒకటి కాలేజీకి వచ్చి ఆమెను ఎంచుకుని, కోర్సు ముగించుకుని రమ్మంది. ముగించాలంటే ఆమె తయారుచేసిన ప్రాజెక్టు బయటి నుంచి వచ్చే పరీక్షాధికారి ముందు నడిచి చూపించాలి. కాలేజీ ల్యాబులో ఒక్కో కంప్యూటరుకు ముగ్గురు. ఊరి బస్సు కోసం ఈ పిల్ల అందరికంటే ముందే ల్యాబు నుంచి లేచి రావాలి. ఈరోజు రాసింది రేపు పోయి చూస్తే ఎవరో చెరిపేసి ఉండేవారు.

"సొంతంగా ఒకటి లేకుంటే ఇది ముగిసేట్ల లేదప్పా" అని ఒకరోజు తండ్రి ముందు ఏడ్చేసింది. గోడ ఇవతల నాకు వినిపించింది. కెంపమ్మ దాచుకున్న పాలడబ్బు బయటికి తీసింది.

చింతామణిలో సులోచనమ్మ వాళ్ళ కిరాణా అంగడి ఉంది. ఆమె కొడుకు చేతన్ బెంగళూరు ఆఫీసులు వాడి వదిలేసిన ల్యాప్‌టాప్‌లు లాటుగా తెచ్చి, అంగట్లోనే ఒక మూల అద్దాల బీరువాలో పెట్టి అమ్ముతున్నాడు. మా ఇంటికి సరుకు అక్కడి నుంచే కాబట్టి నన్ను తోడు రమ్మన్నారు. పిళ్ళప్ప నన్ను పిలవలేదు, సహన పిలిచింది. "చిన్నప్పా, నువ్వు బేరం బాగా చేస్తావు కదా, రా" అని చిన్నాన్న వరస కలిపి అడిగితే కాదనలేకపోయాను.

చేతన్ రెండు ల్యాప్‌టాప్‌లు తీసి బియ్యం బస్తాల పక్కన బల్ల మీద పెట్టాడు. "ఈ రెండే మిగిలినాయి. మళ్ళీ లాటు ఎప్పుడొస్తుందో తెలీదు" అన్నాడు.

ఒకటి నల్లది. ఇటుకలా బరువు, ఒక మూల పగిలి ఉంది. చూడడానికి చెత్తకుప్పలో ఏరుకొచ్చినట్టుంది గానీ, మీట నొక్కగానే చకచకా తెరుచుకుంది. సహన తన ప్రాజెక్టు అందులో వేసి చూస్తే అడ్డు లేకుండా నడిచింది. వైరు లాగితే మాత్రం ఆ క్షణమే ఆరిపోయింది. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయిందట. రెండోది బూడిదరంగుది. చూడముచ్చటగా ఉంది, వైరు లేకపోయినా చాలాసేపు వెలుగుతుంది. కానీ ప్రతి పనికీ ఆవులించి లేస్తుంది. ఒకటి రెండు అక్షరాలు గట్టిగా నొక్కితే గాని పడడం లేదు.

"పాతది కదక్కా, వాడతా వాడతా మెత్తబడతాయి" అన్నాడు చేతన్.

మా ఊళ్ళో కరెంటు ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు పోతుందో దేవుడికే ఎరుక. నల్లది కొంటే కరెంటు పోయినప్పుడల్లా పని నీళ్ళపాలు. బూడిదది కొంటే నత్తనడక. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. సహన దీన్ని మూసి దాన్ని తెరిచింది, దాన్ని మూసి దీన్ని తెరిచింది. ఎంతసేపైనా తేలలేదు. బేరానికని వచ్చిన నేను రెండింటి ముందూ గుడ్లప్పగించి నిలబడ్డాను. వంకాయలైతే వేలితో నొక్కి చూస్తాం, ఎద్దయితే పళ్ళు పట్టి చూస్తాం. దీన్నేమని చూడాలి?

పిళ్ళప్ప చేతన్‌ను అడిగాడు. "రెండిట్లో ఏది నిలుస్తుందప్పా?"

"ఇప్పుడైతే రెండూ నడుస్తాండాయి. ఎన్నాళ్ళు నడుస్తాయో నేనెట్ల చెప్పేది? లోపల ఏముండాదో నాకూ తెలీదు."

నాకు ఒక్కసారిగా ఉత్సాహం వచ్చింది. "పిళ్ళప్పన్నా, ఈ మాట యాడో విన్నట్లుండాదే" అన్నాను. ఆయన నా వైపు చూడలేదు.

"అట్లయితే నడిచినాక దుడ్డు తీసుకోరాదా? మా పనిలో అంతే" అన్నాడు చేతన్‌తో, నిజంగానే. చేతన్ నవ్వి, "అంగట్లో అట్ల కుదరదప్పా. వారం దినాలు చెకింగ్ వారంటీ ఇస్తాను. ఆ మీదట ఏమైనా నాకు సంబంధం లేదు" అన్నాడు.

సహన విసిగిపోయి స్టూలు మీద కూర్చుంది. "నువ్వే చెప్పప్పా. నువ్వు ఏది చెప్తే అది" అంది. చదువుకున్న కూతురు తనను సలహా అడగడం పిళ్ళప్పకు అదే మొదటిసారి అనుకుంటాను. ఆ మాటకు ఆయన బిక్కచచ్చిపోయాడు. తెలియదని చెప్పడానికి నోరు రాలేదు. తెలుసుకునే దారి ఆయనకు బతుకంతా కలిపి ఒక్కటే ఉంది. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న సులోచనమ్మ వైపు తిరిగి, "అమ్మా, ఒక టెంకాయ ఇస్తావా?" అన్నాడు.

సులోచనమ్మ వాళ్ళ పెరట్లో బోరు ఆయన చూపించిందే, ఇంకా పారుతోంది. ఆమె గబగబా లేచి కుప్పలోంచి మంచి కాయ ఏరి, కళ్ళకద్దుకుని ఇచ్చింది. చేతన్ తల కొట్టుకున్నాడు. నాకేమో నవ్వు ఆగడం లేదు. పిళ్ళప్ప అవేమీ పట్టించుకోకుండా చెప్పులు గడప బయట విడిచి, కాయను అరచేతిలో పడుకోబెట్టి నల్లదాని ముందు నిలబడ్డాడు. కాయ కదలలేదు. పాలు తాగి నిద్రపోయిన పసిబిడ్డలా పడుకునే ఉంది. పక్కకు జరిగి బూడిదదాని ముందుకు వచ్చాడు. కాసేపు ఏమీ లేదు. తరవాత కాయ సన్నగా వణికింది. కొంచెం కొంచెంగా లేచి, నిట్టనిలువుగా నిలబడింది.

నేను నవ్వడం మానేశాను. ఎంత కోపమున్నా అబద్ధం చెప్పకూడదు, ఆయన వేళ్ళు కదలలేదు.

సులోచనమ్మ చేతులు జోడించింది. పిళ్ళప్ప ముఖం చూడాలి, ఎన్నేళ్ళయిందో ఆ వెలుగు చూసి. "ఇదేనమ్మా" అన్నాడు కూతురితో. సహన కళ్ళు అప్పటికీ నల్లదాని మీదే ఉన్నాయి. తన ప్రాజెక్టు ఎందులో నడిచిందో ఆమెకు తెలుసు. అయినా తండ్రి ముఖం వైపు చూసి, "సరేప్పా, అదే తీసుకుందాం" అంది. నేనైనా అదే అనేవాణ్ణి. ఆ ముఖం చూశాక కాదనడం ఎవరి తరం?

చెకింగ్ వారం దాటింది, ఇంకా కొన్ని వారాలు దాటాయి. నడిచింది. కరెంటు పోయినా వాళ్ళింటి వసారాలో ఆ తెర వెలుగుతూ ఉండేది. పిళ్ళప్ప దాని పక్కన కూర్చుని ఈగలు తోలుతూ కాపలా కాసేవాడు. కూతురు గట్టిగా నొక్కితే గాని పడని అక్షరాలు రోజురోజుకూ ఎక్కువవుతున్నాయని మాత్రం ఆయనకు తెలియదు. ఆమె చెప్పలేదు.

పరీక్ష దగ్గర పడింది. కరవులో అధికమాసం అన్నట్టు, ఆ వారమే ఒక ఉదయం సహన మీట నొక్కితే తెర వెలగలేదు. మళ్ళీ నొక్కింది. బ్యాటరీ తీసి పెట్టింది. వైరు మార్చింది. ఏం చేసినా ఉలుకూ పలుకూ లేదు.

ముగ్గురం దాన్ని బట్టలో చుట్టుకుని చిక్కబళ్ళాపురంలో రిపేరు చేసే అతని దగ్గరికి పరుగెత్తాం. అతను అడుగున మరలు విప్పి మూత తీశాడు. లోపల పచ్చగా, తెల్లగా పొక్కులు కట్టి ఉంది. చిన్న బ్రష్షుతో గీకి చూసి తల అడ్డంగా ఊపాడు.

"దీని లోపలికి ఎప్పుడో నీళ్ళు పోయినాయప్పా. ఎవరో ఒలకబోసి, తుడిచి అమ్మేసినారు. బోర్డంతా తినేసింది. డిస్కు కూడా తిరగడం లేదు, దాంట్లోది ఏదీ రాదు."

"ఏం పోయినాయి?" అన్నాడు పిళ్ళప్ప.

"నీళ్ళప్పా. నీళ్ళు."

నాకు నవ్వు తన్నుకొచ్చింది. ఆపుకోవాలన్నా కాలేదు. అన్ని ఊళ్ళ పొలాల్లో దొరకని నీళ్ళు ఈయన కాయకు ల్యాప్‌టాప్‌లో దొరికాయి! పగలబడి నవ్వుతూ తల ఎత్తి పిళ్ళప్పను చూశాను. ఆయన ఆ పొక్కుల వైపే చూస్తున్నాడు. పాలిపోయిన ఆ ముఖం చూస్తే నా నవ్వు ఆగిపోయింది. పక్కన సహన బట్టను మడతలు పెడుతోంది, విప్పుతోంది, మళ్ళీ మడత పెడుతోంది.

వచ్చేటప్పుడు చింతామణిలో దిగి చేతన్‌ను అడిగాం. వాడు నిజంగానే నొచ్చుకున్నాడు. "లాటులో వచ్చిందప్పా, మా అమ్మ మీద ఒట్టు, నాకు తెలీదు. నల్లదన్నా ఉంటే ఇచ్చేవాణ్ణి. దాన్ని టమాటా మండీవాళ్ళు తీసుకుపోయినారు. పొద్దంతా లెక్కలు వేస్తానే ఉండాది, ఒక్క దినం ఆగింది లేదు" అన్నాడు. ఎవరిని తిట్టాలో నాకు తెలియలేదు. తిట్టడానికి ఒక మనిషి కూడా దొరకకపోవడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది.

పరీక్షనాడు సహన ఎప్పుడో పెన్‌డ్రైవులో దాచుకున్న సగం పని పట్టుకుని వెళ్ళింది. సగానికి మార్కులు లేవన్నారు. ఆరు నెలలు ఆగి మళ్ళీ రమ్మన్నారు. కంపెనీకి ఫోను చేస్తే వాళ్ళు అన్నాళ్ళు ఆగలేమన్నారు.

ఆ సాయంత్రం ఆమె బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి పిళ్ళప్ప వసారాలో గోడకానుకుని కూర్చుని ఉన్నాడు. నేను మాట సాయానికని వెళ్ళి గడప దగ్గర నిలబడ్డాను. కెంపమ్మ నీళ్ళ చెంబు తెచ్చి ఇచ్చింది. సహన తాగి, తండ్రి పక్కన కూర్చుంది. ఏడవలేదు, కోప్పడలేదు. ఒక్క మాట అడిగింది.

"అప్పా, ఆ దినం నల్లదాని ముందర కాయ లేవలేదు కదా?"

"లేవలేదమ్మా."

"అంటే దాంట్లో నీళ్ళు లేవని అప్పుడే చెప్పినట్లు కదప్పా."

పిళ్ళప్ప తన కుడిచేయి తెరిచి అరచేతిలోకి చూసుకున్నాడు.

"కాయ సరిగ్గానే చెప్పింది తల్లీ. బతుకంతా అది లేచిన చోటనే మంచిదనుకుంటి. పడుకున్న చోట మంచిదుంటాదని నాకు తోచలేదు."

సహన తన చేత్తో ఆయన అరచేతిని మెల్లగా మూసింది. నేను గడప దగ్గరే నిలబడి ఉన్నాను. నా బోరు గురించి ఏడాదిగా ఆయనను అనాలని దాచిపెట్టుకున్న మాటలు చాలా ఉన్నాయి. ఒక్కటీ నోటికి రాలేదు.