మా లెక్క మాట్లాడే హీరోయిన్

తెలంగాణ ఉద్యమం రోజుల్లో ఒక మధ్యాహ్నం, రాస్తారోకో వల్ల మా బస్సు దిల్‌సుఖ్‌నగర్‌లో ఆగిపోయింది. మాది గుంటూరు వైపు. యాస బయటపడుతుందని నోరు విప్పకుండా కూర్చున్నాను.

పక్క సీట్లో ఉన్న నల్లగొండ ఆమె తనే మాట కలిపింది.

"మొన్న దయ్యం సినిమా సూసిన చెల్లె. భయం గాదు, నవ్వాగలే!"

ఇక నేనూ ఆగలేకపోయాను. దయ్యాల సినిమాలు, కుంగ్‌ఫూ సినిమాలు, హిందీ ఏడుపు సినిమాలు, దేన్నీ వదలకుండా గంటసేపు వాదించుకున్నాం. "ఆ క్లైమాక్స్ అస్సలు బాలేదండీ!" అని నేను అరిస్తే ముందు సీటువాళ్లు వెనక్కి తిరిగారు. యాస బయటపడిపోయిందని తల దించుకున్నాను. ఆమె మాత్రం నా చెయ్యి పట్టుకుని, "గట్లనే చెప్పు, మంచిగుంది" అంది.

బస్సు కదిలాక అడిగింది.

"గిన్ని సినిమాలు సూసినవ్ గదా. హీరోయిన్ మా లెక్క మాట్లాడేది ఒక్కటి చెప్పు, పోయి సూస్త."

ఎంత ఆలోచించినా ఆ యాసలో మాట్లాడే రౌడీలూ పనిమనుషులే గుర్తొచ్చారు. నా మొహం చూసి ఆమె పకపకా నవ్వింది. ఎల్బీనగర్‌లో దిగి, కిటికీ బయటి నుంచి చెయ్యి ఊపి వెళ్లిపోయింది.

ఆ ఆదివారమే కొత్త సినిమాకు వెళ్లాను. తెర మీద పనిమనిషి ఆమె యాసలో నోరు తెరవగానే హాలంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.