తెల్ల చీర మీద నల్ల మరకలు

ముందు చప్పుడు వినిపిస్తుంది. ధప్. కాసేపాగి మళ్లీ ధప్. తరిగొప్పులలో ఆ వాడ వాళ్లకు తెలిసిపోతుంది, గట్టమ్మ బొంత పరిచిందని. పాత చీరలు పొరలు పొరలుగా పరిచి, జారకుండా మూలమూలకూ ఓ రాయి పెడుతుంది. ఆ తర్వాతే నెరిసిన తల గడపలో కనిపిస్తుంది.

నూలు చీరలు ఒకదాన్నొకటి కరుచుకుని పడుకుంటాయి. పాలిస్టర్ చీరలు మాత్రం వాన నీళ్లలా జారిపోతాయి. వాటి మధ్య పల్చటి గంజి చిలకరిస్తుంది. నున్నటి గచ్చు మీద కదలకుండా అడుగున గోనెసంచి వేస్తుంది. కత్తెర పిడికి గుడ్డ పేలిక చుడుతుంది. వేళ్లలో పట్టు తగ్గి సూది జారడం మొదలయ్యాక, సైకిల్ ట్యూబు ముక్క కోసి చూపుడువేలికి తొడుక్కుంది. సూది చెప్పినట్టు విన్నది. గట్టమ్మ మురిసిపోయింది.

ఆ మురిపెంలోనే, కడుపుతో ఉన్న వనజ కుట్టమని ఇచ్చిన చీరలు ముందరేసుకుంది. పోయిన ఏడు చనిపోయిన వనజ తల్లి చీరలవి. పుట్టిన బిడ్డ మొదట అమ్మమ్మ చీరల బొంత మీదే పడుకోవాలని వాళ్ల ఆనవాయితీ. పై పొరకు ఆమె ఎండాకాలం కట్టుకున్న తెల్ల నూలు చీర, సన్న నీలి పువ్వులది.

ఉక్కపోతలో కుట్టింది. వేలు చెమర్చింది, రబ్బరు నలుపు వదిలింది. బొంతను వెలుగులోకి ఎత్తి చూస్తే కుట్టు వెంట కుట్టు నల్లటి మరకలు. సబ్బు పెట్టింది, నిమ్మకాయ రుద్దింది. నీలి పువ్వులు వెలిశాయి, మరకలు వెలవలేదు. చివరికి మరకలు లోపలికి పోయేలా మడత పెట్టి, ఏమీ ఎరగనట్టు కూర్చుంది.

వనజ వచ్చి మడత విప్పింది.

"గివేందవ్వ, నల్లగ?"

గట్టమ్మ వేలి రబ్బరు గుంజి కొంగులో దాచుకుంది. "నాతోనే అయింది బిడ్డ. చెప్పకుంట మడత పెట్టిన."

వనజ ఓ మరకను రుద్ది చూసింది. "పోనియ్. నా బిడ్డకు దిష్టిచుక్కలు నువ్వే పెట్టినవ్. ఇగ కాటుకతోని పనేంది?"

తిట్టినా బాగుండేదనిపించింది గట్టమ్మకు. "జర ఆగు బిడ్డ, ఇంకోటి కుట్టి ఇస్త. పైసలొద్దు."

"మా అమ్మ చీర ఇంకోటి యాడ దొరుకుతదవ్వ?"

మాటలో కోపం లేదు. అదే గుచ్చుకుంది. బొంతను రొమ్ముకు హత్తుకుని వనజ వీధి మలుపు తిరిగేదాకా గట్టమ్మ తలెత్తలేదు.

ఆ తర్వాత నేను బొంత ఉపాయాలు రాసుకుందామని పోతే, గట్టమ్మ ఒక్కటీ దాచకుండా చెప్పింది. లేచి వచ్చేటప్పుడు మాత్రం చెయ్యి పట్టుకుని ఆపింది.

"తెల్లగుడ్డకు ట్యూబు ముక్క వద్దని గూడ రాయి బిడ్డ. ఎవలు చెడగొట్టిన్రని అడిగితే, గట్టమ్మ అని నా పేరే చెప్పు."