మందు కంపెనీ గెలవాలని

మా ఆవిడకి రక్తంలో కేన్సరు. రోజుకో మాత్ర వేసుకుంటే మామూలు మనిషే, ఉయ్యూరులో చెల్లెలింటికి వెళ్ళి గొడవ పెట్టుకుని వచ్చేంత మామూలు. ఆ మాత్ర ఆగితే ఏమవుతుందో డాక్టరు గారు చాలా నెమ్మదిగా చెప్పారు. ఆ నెమ్మదికే నాకు సంగతి అర్థమైపోయింది.

మేం వాడేది హైదరాబాదు కంపెనీ మాత్ర. మందుని మొదట కనిపెట్టిన విదేశీ కంపెనీ, ఆ రసాయనం మీద పేటెంటు మాది, ఇంకెవరూ చెయ్యకూడదని ఢిల్లీలో కోర్టుకెక్కింది. తేలేదాకా హైదరాబాదు మాత్ర ఆపమంది కోర్టు. వన్ టౌన్‌లో నేను ఆటోలో సరుకు తోలే మందుల షాపు కుర్ర ఓనరే ఇదంతా విడమర్చాడు.

"వాళ్ళ పాత పేటెంటు అయిపోయింది బాబాయ్. అదే మందులో సాల్టు మార్చి కొత్తది తీసుకున్నారు."

"మా ఆవిడ పప్పులో కల్లుప్పు బదులు మెత్తటుప్పు వేసి, పప్పు నేనే కనిపెట్టానంటే జడ్జి గారు ఒప్పుకుంటారా?"

"అదే తేలాలి. ఈలోపు స్టాకు లేదు."

విదేశీ మాత్ర ధర అడిగితే, చెప్పకుండా నా భుజం తట్టాడు.

ఆదివారం చర్చిలో ప్రార్థన మనవులు చెప్పుకోవడం మాకు అలవాటు. ఒకరు పిల్ల పరీక్షలంటారు, ఒకరు గేదె ఇంకా ఈనలేదంటారు, అందరం కలిసి ప్రార్థిస్తాం. నేనూ లేచాను. పేటెంటు గురించి వివరించే చదువు నాకు ఏడో తరగతిలోనే ఆగిపోయింది. మాత్ర పేరు చెప్పి, "ఆ మందు కంపెనీ కోర్టులో గెలవాలండి" అన్నాను.

పాస్టరు అయ్యగారు సెల్లులో మాత్ర పేరు కొట్టి, కనబడిన కంపెనీ పేరెత్తి ప్రార్థన మొదలెట్టారు. అది విదేశీ కంపెనీ. చర్చి చర్చంతా వాళ్ళ గెలుపు కోసం చేతులెత్తింది. మా ఆవిడ అందరికన్నా గట్టిగా ఆమెన్ అంది.

"ఎదటివాళ్ళని గెలిపించమన్నావేంటే?" అన్నాను బయటికొచ్చాక, నవ్విద్దామని.

"తెలుసండీ. మధ్యలో లేచి కాదంటే అయ్యగారు చిన్నబుచ్చుకోరూ?"

కోర్టులో కేసు మళ్ళీ వాయిదా పడింది. ఓ పొద్దున ఆవిడ మాత్ర లేకుండా ఉత్త నీళ్ళు తాగడం చూశాను.

"ఇవాళ వంతు కాదండీ" అంది. కొన్నాళ్ళుగా రోజు విడిచి రోజు వేసుకుంటోందట, ఉన్నవి ఎక్కువ రోజులు రావాలని.

అట్ట చించి మాత్ర ఆవిడ అరచేతిలో పెట్టాను.

"ఇవి అయిపోతే?" అంది.

"ముందు మింగు" అన్నాను. మింగేదాకా అక్కడే నిలబడ్డాను.