పోర్చుగీసు వైన్‌కు మూడో రోజు తిరగకలుపు

ఆ రోజుల్లో న్యూజీలాండ్‌లో చదువు ముగించి పనికోసం తిరిగే మావాళ్లందరికీ ఒకటే జబ్బు: ఇంటర్వ్యూలో ఏమడిగినా వచ్చుననడం. పాలు పితకడం వచ్చా అంటే చిన్నప్పటినుంచీ అదే పని అనేవాళ్లం (నేనైతే ఆవు పేరు కూడా చెప్పేవాణ్ణి). అలాగే పాపకూర అనే ఊళ్లో ఒక వైన్ షాపులో చేరాను. అప్పటికి నా నాలుక ఎరిగిన మద్యమల్లా దగ్గుమందులో ఉండేదే. యజమాని అరవై దాటిన కివీ, గుబురు కనుబొమల మనిషి. మనసులో ఆయనకి తాతగారని పేరు పెట్టుకున్నాను. కొన్నాళ్లు చూసి పర్మనెంట్ చేస్తానన్నారు. చేస్తే వీసా, చెయ్యకపోతే ఇంటికి విమానం.

ఒక మధ్యాహ్నం ఆయన పోర్చుగీసు రెడ్ వైన్ ఒకటి తెరిచారు. నాలుగైదు రకాల ద్రాక్షలు కలిపి చేసిందట. వాసన చూసి, నోట్లో తిప్పి, ఉమ్మెయ్యమన్నారు. మొదటి రెండూ మరిచిపోయాను, మూడోది మర్యాద కాదనిపించింది, గటుక్కున మింగేశాను. ఏం తెలిసిందని అడిగారు. నేరేడుపళ్లు తిన్నాక నాలుక మీద మిగిలే వగరు, వెనకాల మిరియాల చారు, అటుపైన కొత్త చెప్పుల వాసన అన్నాను. నేరేడుపండంటే ఏమిటో వర్ణించడానికి పావుగంట పట్టింది గానీ, తాతగారి కనుబొమలు మాత్రం పైకి లేచాయి. ఆ ఊపులో, ఇలాంటివి ఏళ్ల తరబడి నిలవ ఉంచడం మా ఇంట్లో తరతరాల విద్య అనీ, మా అమ్మమ్మ నిలవగది ఈ షాపుకంటే పెద్దదనీ చెప్పేశాను (గది అంటే అమ్మమ్మ మంచం కింద చోటు. నిలవ అంటే ఆవకాయ).

ఆయన నమ్మారు. షాపు కింద చల్లటి గదిలో ఆయన ప్రాణంలా దాచుకున్న ఆ వైన్ పెట్టెలు ఉండేవి. తాళంచెవి నా చేతిలో పెట్టి, చూసుకోమని చెప్పి, మనవరాలిని చూడటానికి క్రైస్ట్‌చర్చ్ వెళ్లారు.

కిందికి వెళ్లి చూస్తే సీసాలన్నీ పడుకుని ఉన్నాయి. జాడీని పడుకోబెట్టే ఇల్లు మీరెక్కడైనా చూశారా? అన్నిటినీ నిలబెట్టాను. ఒకదాన్ని దీపానికి ఎత్తి చూస్తే అడుగున మడ్డి. నాకు విషయం అర్థమైపోయింది. ఆవకాయ కలిపి వదిలేస్తే నూనె పైకి, పిండి కిందికి పోతుంది, అందుకే మూడో రోజు తిరగకలుపుతాం. ఈ దేశంలో పాపం ఎవరూ కలిపినట్టు లేదు. ఒక్కో సీసానూ రెండు చేతులా పట్టుకుని బాగా కుదిపాను. మళ్లీ మూడో రోజు కుదిపాను. రూములో నాతో ఉండే నెల్లూరు బావకి (ఎవరికీ బావ కాడు, అందరూ అలాగే పిలిచేవాళ్లం) చెబితే, "ఒరే, జీతం పెంచమని అడగరా," అన్నాడు.

తాతగారు తిరిగొచ్చేసరికి నేను కిందే ఉన్నాను, చొక్కా చేతులు మడిచి, చెమటలు కక్కుతూ. గర్వంగా ఇంకో సీసా అందుకుని ఆయన ముందే కుదిపి చూపించాను. ఆయన మెట్టు మీద కూలబడ్డారు.

"అన్నీనా?" అన్నారు.

"ఒక్కటీ వదల్లేదు సార్."

అప్పుడు మెల్లగా, ఒక్కో మాటా కూడదీసుకుంటూ చెప్పారు: ఆ మడ్డి అడుగునే ఉండాలట. బిరడా తడిగా ఉండాలనే పడుకోబెడతారట. వాటిని ఎవరూ ముట్టుకోకూడదట. నాకు విమానంలో కిటికీ పక్క సీటు కనిపించింది. ఆవకాయ సంగతి చెప్పాను. ఆయన నవ్వలేదు. శనివారం దాకా సీసాల జోలికి వెళ్లొద్దని మాత్రం అన్నారు.

శనివారం షాపు మూశాక ఒక సీసాని పసిబిడ్డలా ఎత్తి, దీపం ముందు పెట్టి, గాజు కూజాలోకి సన్నగా వంచారు. మడ్డి మెడ దగ్గరికి రాగానే ఆపేశారు. గ్లాసులో పోసుకుని, వాసన చూసి, నోట్లో తిప్పి, కళ్లు మూసుకున్నారు. నేనూ మూసుకున్నాను, వేరే కారణానికి.

"మేట్," అన్నారు చివరికి, "పోర్చుగీసువాళ్లు దీన్ని ద్రాక్షలు కాళ్లతో తొక్కి చేస్తారు. అంతకే చావనిది నీ చేతుల్లో చస్తుందా?"

ఆ గ్లాసు నాకిచ్చారు. ఈసారి వాసన చూశాను, తిప్పాను, ఉమ్మమంటే మాత్రం వినలేదు. సోమవారం నన్ను పర్మనెంట్ చేశారు, ఒకే షరతు మీద: కింద గదిలో నా పని ఏ పనీ చెయ్యకపోవడం. రోజూ వెళ్లి, చేతులు వెనక్కి కట్టుకుని, సీసాలను చూసి రావాలి. నమ్మండి, అంత కష్టమైన ఉద్యోగం మళ్లీ చెయ్యలేదు, చేతులు దురద పెట్టేవి. ఇప్పుడు ఇక్కడే ఫ్లాట్ బుష్ అనే పేటలో మా ఇంట్లో ఆదివారాలు సోఫాలో అలాగే కూర్చుంటాను, దేన్నీ కదపకుండా, కదలకుండా. అదేదో పుట్టుకతో వచ్చిన బద్ధకమని మా ఆవిడ అనుకుంటుంది. ఎంత శిక్షణతో అబ్బిన విద్యో ఆవిడకేం తెలుసు? కానీ ఆ చొక్కా మడిచిన కుర్రాడు, తెలియని పనిని అంత ప్రేమగా చేసినవాడు, ఒక్కోసారి గుర్తొస్తాడు. లేచి ఏదో ఒకటి కుదపాలనిపిస్తుంది.