పనామా పేజీ మీద ఆకుపచ్చ గుర్తు

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్లను నేనెప్పుడూ ఎగతాళి చేసేవాణ్ణి. మా ఎదురు ఖాళీ స్థలంలో ఆడమనిషి ఏడుస్తోందని వీధంతా తలుపులు వేసుకుంటే, టార్చి పట్టుకెళ్లి పిల్లిని పట్టుకొచ్చి చూపించాను. దెయ్యాలున్నాయని ఇప్పటికీ అనను. నా టేబుల్ మీద ఏం జరిగిందో చెబుతాను, అంతే.

నాది తెనాలి. ఓ చిన్న ప్రెస్సులో డీటీపీ ఆపరేటర్ని. ఉద్యోగ పరీక్షలు రాసేవాళ్ల కోసం మా ఓనరు ఏటా ఒక కరెంట్ అఫైర్స్ పుస్తకం వేస్తాడు. దేశానికొక పేజీ. పైన ఆ ఏడాది అక్కడ జరిగిన సంగతులు, కింద నాలుగు ప్రశ్నలు, జవాబులు.

ప్రూఫులు చూసేది యేసురత్నం మాస్టారు. రేపల్లెలో సోషల్ పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. రోజూ పొద్దున ప్యాసింజర్ బండిలో వచ్చేవారు. ప్రూఫు ఆయన పైకి చదివేవారు, కామాలూ ఫుల్‌స్టాపులతో సహా. నేను ఎదురుగా కూర్చుని రాతప్రతి మీద వేలు పెట్టి చూసుకోవాలి. తప్పు దొరికితే ఆకుపచ్చ పెన్నుతో దిద్దేవారు. పేజీ అయ్యాక అడుగున చిన్న శిలువ గుర్తు, పక్కన టైము వేసేవారు. ఆ గుర్తు పడిందంటే ఇక ఆ పేజీకి పూచీ తనదేననేవారు.

2022 పుస్తకంలో పనామా పేజీ వచ్చింది. స్పెయిన్ నుంచి పనామాకు స్వాతంత్ర్యం ఎప్పుడు వచ్చిందన్నది ఒక ప్రశ్న. నేను జవాబు 1903 అని కొట్టాను.

"1903లో విడిపోయింది కొలంబియా నుంచి సాంబా. స్పెయిన్ నుంచి బయటపడింది 1821 నవంబరు 28న. వాళ్లకి రెండుసార్లు వచ్చిందయ్యా స్వాతంత్ర్యం" అని మాస్టారు నవ్వి, 1903 కొట్టేసి పక్కన 1821 అని రాశారు. నేను తలూపాను. పేజీలు ఆ సాయంత్రమే అచ్చుకి వెళ్లిపోవాలి. హడావిడిలో ఆ ఒక్క కరెక్షను చెయ్యకుండా పంపేశాను.

పుస్తకం వచ్చిన పది రోజులకు బాపట్ల నుంచి ఫోను. అక్కడి కోచింగ్ సెంటర్ వాళ్లు మా పుస్తకం నుంచే టెస్టు పెట్టారట, తప్పు జవాబు మీద పిల్లలు గొడవ చేశారట. ఓనరు ఫోనులో నీళ్లు నములుతుంటే నాకు సంగతి అర్థమైపోయింది. వెంటనే ప్రూఫుల కట్టలోంచి ఆ పేజీ తీశాను. భోజనానికి వెళ్తూ చింపి కాలవలో వేశాను. ఓనరు అడిగితే, ఆ పేజీ కనపడట్లేదండీ, మాస్టారు అందులో ఏమీ దిద్దలేదండీ అన్నాను.

మాస్టారు అక్కడే ఉన్నారు. అరవలేదు. "నేను గుర్తు పెట్టాను. నువ్వు చూశావు" అన్నారు. అంతే. ఓనరు ఆయన్ని రేపటి నుంచి రావద్దన్నాడు.

ఆ తర్వాత కూడా మూడుసార్లు బండెక్కి వచ్చారు. ఉద్యోగం కోసం కాదు. "ఆ కాగితం ఒక్కటి వెతికి పెట్టు నాయనా" అనేవారు. ముప్ఫై ఏళ్లు చరిత్ర చెప్పిన మనిషికి ఒక దేశం ఎప్పుడు విడుదలైందో తెలీదని రేపల్లెలో ఆయన శిష్యులే నవ్వుకుంటున్నారట. వెతుకుతానండీ అన్నాను, మూడుసార్లూ. నా ముఖానికి సిగ్గన్నది లేదు.

2023 అక్టోబరులో ఆయన బాపట్లలో కూతురు స్నేహలత ఇంట్లో పోయారు. పని ఉందని చెప్పి నేను సమాధి కార్యక్రమానికి వెళ్లలేదు.

ఆ నవంబరులో మళ్లీ పనామా పేజీ. ఆ ఏడాది ఆ దేశానికి ఊపిరాడలేదు. వానల్లేక, పనామా కాలవకు నీళ్లిచ్చే సరస్సు తగ్గిపోయి ఓడలు వారాల తరబడి బారులు తీరాయి. విదేశీ కంపెనీతో చేసుకున్న రాగి గని ఒప్పందాన్ని ప్రభుత్వం హడావిడిగా చట్టం చేసింది. జనం రోడ్లు మూసేశారు, పంతుళ్లు బళ్లు మానేసి వీధుల్లోకి వచ్చారు. పేజీ చివర "గని ఒప్పందం అమల్లో ఉంది" అని కొట్టాను. అప్పటికి అదే నిజం. కింద ప్రశ్నలు పాత ఫైలులోంచి యథాతథంగా తెచ్చి పెట్టాను. ఒక మనిషి బతుకు పాడుచేసిన ఆ 1903ని అప్పటిదాకా నేను దిద్దలేదు. నా సంగతి అది.

ప్రింటవుటు తీసి టేబుల్ మీద పెట్టి, గదికి తాళం వేసి భోజనానికి వెళ్లాను. తాళంచెవి నా జేబులోనే ఉంది. అరగంటలో వచ్చాను. పట్టపగలు, కిటికీలోంచి ఎండ టేబుల్ మీద పడుతోంది.

పేజీ దిద్ది ఉంది. ఆకుపచ్చ పెన్నుతో. 1903 కొట్టేసి పక్కన 1821. పైన గని వాక్యం మీద అడ్డగీత, అంచున "నిలవలేదు. 28న కోర్టు కొట్టేసింది" అని. అడుగున శిలువ గుర్తు, టైము రెండూ పది. అప్పుడు నా వాచీలో రెండూ ఇరవై.

ఆ రోజుకి ఇంకా ఇరవయ్యో తారీఖు కూడా రాలేదు.

ఎవరో ఆటపట్టిస్తున్నారనుకున్నాను. కొత్త ప్రూఫ్ రీడర్ ఆ రోజు సెలవు, ఆయన వాడేది ఎర్ర పెన్ను. ఆఫీసంతా వెతికినా ఆకుపచ్చ పెన్ను దొరకలేదు. కాగితం సొరుగులో పెట్టి, ఇంకో ప్రింటు తీసుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

ఇరవై తొమ్మిదిన మాకు పేజీలు రాసిచ్చే ఆయన ఫోను చేశాడు. "పనామా పేజీ మార్చాలండి. నిన్న వాళ్ల సుప్రీంకోర్టు ఆ చట్టం చెల్లదనేసింది" అన్నాడు. నిన్న అంటే 28. వాళ్లు స్పెయిన్ నుంచి బయటపడ్డ తారీఖు కూడా అదే. సొరుగులోంచి ఆ కాగితం తీసి అంచున రాసిన తారీఖు మళ్లీ చూసుకున్నాను.

మర్నాడు బాపట్ల వెళ్లాను. మంచితనం పొంగి కాదు, భయం వేసి. ఈ ఏడాది సంగతులున్న పై సగం లోపలికి మడిచి, ప్రశ్న ఉన్న సగమే స్నేహలతకు చూపించాను. అంత భయంలోనూ నా బుద్ధి పోనిచ్చుకోలేదు. ఆమె తండ్రి బైబిలు తెచ్చి అంచుల్లో ఆయన రాసుకున్న అక్షరాలతో పోల్చి చూసింది. కళ్లనీళ్లు పెట్టుకుంది.

"దొరికిందా అన్నయ్యా! చివరి రోజు కూడా ఈ కాగితం గురించే అడిగారండి" అంది. ఆదివారం రేపల్లెలో జ్ఞాపకార్థ కూడిక ఉందని, నాన్న శిష్యులంతా వస్తారని, అక్కడ నన్ను ఒక్కమాట చెప్పమని అడిగింది. సరేనన్నాను.

ఆదివారం యాభై మంది దాకా వచ్చారు. దొరికిందని చెప్పి కూర్చుంటే సరిపోయేది, నన్ను మెచ్చుకునేవాళ్లు కూడా. లేచి నిలబడి, ఆ కాగితంలోని ప్రశ్నలు ఆయనలాగే పైకి చదవడం మొదలుపెట్టాను. శిలువ గుర్తు దగ్గరికొచ్చాక కాగితం కిందికి దించాను.

"ఆ కాగితం దొరకలేదండి. మాస్టారు దిద్దారు. నేను చూశాను. చింపి కాలవలో వేసింది నేనే" అన్నాను.

స్నేహలత లేచి నా దగ్గరికి వచ్చింది. "మరి ఇదేంటి?" అంది.

మడత విప్పి ఇచ్చాను. గదీ తాళమూ తారీఖూ అన్నీ చెప్పాను. ఆమె పై సగం కూడా చదివింది.

"మా నాన్న అక్షరాలు కూడా మీరే రాశారా?" అంది.

కాదంటే నమ్మేవాళ్లెవరు? ఆయన మీద వేసిన ఆ ఒక్క అబద్ధంతోనే నా మాటకున్న విలువంతా పోయింది. ఆమె కాగితం నా చేతిలో పెట్టి, "మా నాన్న పేరు నిలబడింది, చాలు. ఇంక మా గుమ్మం తొక్కకండి" అంది. ఆ మాట అనే హక్కు ఆమెకుంది.

ఆ ఏడాది పుస్తకంలో జవాబు 1821 అని సరిగ్గానే పడింది. కాగితం నా సొరుగులోనే ఉంది, సిరా ఇంకా పచ్చగానే ఉంది. అది అక్కడికి ఎలా వచ్చిందో ఎన్ని విధాల ఆలోచించినా నాకు అంతుపట్టడం లేదు. ఆయన గుర్తు పెట్టారు. నేను చూశాను.